పరగడుపు మందు

మైపాడు,
18-2-1962

మస్తాన్‌బీ నాయన గారికి,

మీ ఇంటిది జాన్‌బీ సలాము చేసి రాసుకునేది. అల్లా దయవల్ల మీరు మద్రాసులో ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం పద్ధతి కాబట్టి ఆ మాట ముందే రాసేస్తున్నాను. ఈ పూటకైతే అది నిజమే. మొన్న బుధవారం మాత్రం నిజం కాదు. చేతిలో కత్తెర ఉంటే పక్కన పెట్టి, కూర్చుని చదవండి.

మస్తాన్‌బీకి పెద్ద గండం తప్పింది. బిడ్డ ఇప్పుడు నా ఎదురుగానే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుని అత్తమ్మతో గవ్వలాడుతోంది. అయినా నాకు నిమ్మళం లేదు. రెండు మాటలు రాయడం, లేచి దాని నుదురు తాకి చూడడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఇప్పటికి ఈ కాగితం మీద రెండుసార్లు సిరా ఒలికింది. చూసి తిట్టుకోకండి.

పోయిన బక్రీదుకు మీరొచ్చినప్పుడే అన్నారు, బిడ్డేంటి ఇలా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది అని. మీరు పోయాక ఇంకా ఎక్కువైంది. బడిలో కూర్చున్నచోటే నిద్రపోతోందని పంతులు కబురు పంపాడు. వెనక గోడ మట్టి గీరి తింటుంటే నేనే పట్టుకుని రెండు అంటించాను. ఈ నెల మొదట్లో నెల్లూరు ఆస్పత్రి నుంచి సమాధానం అనే కాంపౌండరు ఊళ్ళోకి వచ్చాడు. క్రైస్తవుల అబ్బాయి. సన్నగా ఉంటాడు, ఎప్పుడూ ఏదో కీర్తన కూనిరాగం తీస్తుంటాడు, ఆడవాళ్ళందరినీ అక్కా అంటాడు. బడి పిల్లల్ని పరీక్ష చేయించి, మన బిడ్డ పేగుల్లో కొంకి పురుగులు ఉన్నాయన్నాడు. ఇసకలో ఉత్త కాళ్ళతో తిరిగితే అరికాళ్ళలోంచి ఎక్కి, పేగుకు కరుచుకుని నెత్తురు తాగుతాయట. ఊళ్ళో సగంమంది పిల్లల కడుపుల్లో అవి కాపురం పెట్టాయట.

మందు గుళికలిచ్చాడు. మెత్తగా ఉన్నాయి, లోపల నీళ్ళలాంటిదేదో కదులుతోంది. ముందురోజు రాత్రి నూనె, నెయ్యి లేకుండా కాస్త మజ్జిగన్నం తిని, పొద్దున్నే పరగడుపున మింగాలని, విరేచనం అయ్యేదాకా ఇంకేమీ తినకూడదని చెప్పాడు. నాకూ చెప్పాడు, అత్తమ్మకూ చెప్పాడు. ఆ మాట నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

ఈలోగా మీ కూతురు తన మొదటి రోజా మందు మింగాల్సిన ఆ బుధవారమే ఉంటానని పట్టు పట్టింది. పక్కింటి పిల్ల ఉందట, ఇది ఉండకపోతే పరువు పోతుందట. పట్టుదలలో ఎవరి పోలికో నేను చెప్పక్కర్లేదు. పొద్దున మందు మింగితే రోజా పోతుందని ఒకటే ఏడుపు. అప్పుడు అత్తమ్మ అంది గదా, ఏందే దానికి ఇంత రభస, పొద్దు గూకినాక రోజా విడిచేటప్పుడు మింగితే సరి, తెల్లారుగట్ట నించి పచ్చి మంచినీళ్ళు గూడా ముట్టని కడుపు, దానికన్నా పరగడుపు ఇంకేముంటది అని. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. మనవాళ్ళలో ఎవరికైనా అలాగే తోస్తుంది. రమ్‌జాన్‌లో సాయంత్రం పూట కన్నా ఖాళీ కడుపు ఎక్కడుంటుంది?

మసీదులో పిలుపు వినపడగానే రోజా విడిచింది, ఆ వెంటనే గుళికలు మింగింది. కాసేపటికే ఊరికే నవ్వడం మొదలుపెట్టింది. అమ్మా, ఇల్లు పడవ మాదిరి ఊగతా ఉండాది అంది. లేచి నడవబోయి నా మీద పడింది. చూడవచ్చిన వాళ్ళలో ఒకడు, మద్య నిషేధం ఉన్నా పిల్లకు కల్లు యాడ దొరికిందబ్బా అని వేళాకోళం కూడా చేశాడు. ఆ నోరు పడిపోను. అంతలోనే కళ్ళు మూసింది. పిలిచినా పలకలేదు, గిల్లినా ఉలకలేదు. పోలేరయ్య చేపల లారీ నెల్లూరు బయలుదేరబోతుంటే అడ్డంపడి ఎక్కాం. ముందుసీట్లో బిడ్డను ఒళ్ళో వేసుకుని నేను, నా పక్కన అత్తమ్మ. దారి పొడుగునా ఆమె చదివిన కల్మా తప్ప నాకేమీ గుర్తు లేదు.

ఆస్పత్రిలో పొద్దునకు కళ్ళు తెరిచింది. తెరిచి అడిగిన మొదటి మాట, నా రోజా చెల్లిందా లేదా అని. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

డాక్టరమ్మకే ఏమీ అర్థం కాలేదు. ఈ మందు వందలమందికి ఇచ్చాం, ఇలా ఎవరికీ కాలేదు, బిడ్డ ఏం తిన్నది అని అడిగింది. రోజాలో ఉండాది, పొద్దున్నించి ఏమీ తినలేదు అని మేం చెప్పాం. వచ్చే గురువారం మళ్ళీ తీసుకురమ్మంది. ఊళ్ళో మాత్రం అందరికీ అంతా అర్థమైపోయింది. కాంపౌండరు విషం పెట్టాడట. ఆ సమాధానం నిన్న వస్తే సైకిలు గాలి తీసేశారు. అతను ఇసకలో సైకిలు నడిపించుకుంటూ మన గుమ్మం ముందుకొచ్చి, అక్కా, పొద్దున మింగమని చెప్పినానా లేదా, నువ్వే చెప్పు అని ఏడుపు మొహంతో నిలబడ్డాడు. చెప్పావయ్యా అన్నాను. ఇంకేమనగలను?

పండగ కుట్టుపనుల మధ్య మీరు రాలేరని తెలుసు. రమ్మని రాయడం లేదు. మీకు దాచి ఉంచడం నా వల్ల కాక రాస్తున్నాను.

సలాములతో,
జాన్‌బీ


మైపాడు,
23-2-1962

మస్తాన్‌బీ నాయన గారికి,

జాన్‌బీ సలాము. మీ జాబు అందింది. బిడ్డ కుదురుగా ఉంది. కళ్ళలో కాస్త పసుపు కనిపించింది గానీ తగ్గుతోందని డాక్టరమ్మ చెప్పింది. మీరు ఆ కాంపౌండరును కోర్టుకు లాగుతానని, జైల్లో పెట్టిస్తానని రాశారు. ఈ ఉత్తరం చదివాక అతనిమీద కేసు పెట్టాలనిపిస్తే పెట్టండి. ముందు చదవండి.

నిన్న నెల్లూరు పోయాం. రోడ్డంతా ఓట్ల జీపులు, మైకులు. బస్సులో బిడ్డ చెవులు మూసుకుని కూర్చుంది. నాకు ఆ గోలే నయమనిపించింది, లోపలి గోల వినపడకుండా పోయింది.

డాక్టరమ్మ ఈసారి తీరిగ్గా కూర్చోబెట్టి అడిగింది. తినలేదు తినలేదు అంటున్నారు, రోజా దేనితో విడిచింది అని. అప్పుడు అత్తమ్మ చెప్పింది. నేనే తల్లా, మొదటి రోజా గదా అని వేడన్నంలో నెయ్యి కలిపి ముద్దలు పెట్టినా, ఎక్కువే పోసినా, ఆ వెనకనే గుళికలు మింగించినా అని. డాక్టరమ్మ తిట్టలేదు. తర్వాత రెండు గాజు గొట్టాలు తెప్పించింది. ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో వేరుశెనగ నూనె. అదే రకం గుళికను సూదితో పొడిచి రెండిట్లోనూ చుక్కలు పిండింది. నీళ్ళలో పడ్డవి పూసల్లా అడుక్కి దిగి అక్కడే కూర్చున్నాయి. ఎంత ఊపినా కలవలేదు. నూనెలో పడ్డవి కలిసిపోయి కంటికి కనపడకుండా పోయాయి.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. మామూలుగా మందంటే ఒంటికి పట్టాలి. ఈ మందు ఒంటికి పట్టకూడదు. పేగులోంచి పోతూ పోతూ పురుగులకు మత్తెక్కించి, వాటి పట్టు వదిలించి, వచ్చినదారినే బయటికి పోవాలి. ఇది నీళ్ళలో కరగదు కాబట్టి పేగులో కొవ్వు లేకపోతే చాలావరకు అలాగే పోతుంది. నెయ్యో నూనెయో ఉంటే అందులో కరుగుతుంది. పేగు ఎంత పిసినారిదో, కొవ్వును వదిలిపెట్టదు, చుక్క మిగలకుండా పీల్చుకుంటుంది. దాంతోపాటు అందులో కరిగిన మందునూ పీల్చుకుంటుంది. పురుగులకు ఎక్కాల్సిన మత్తు మన బిడ్డ తలకెక్కింది. కల్లు తాగినవాళ్ళకు కూడా ఈ మందు ఇలాగే పడదట. ఖాళీ కడుపని నమ్మి మింగించాం గానీ, మింగే వేళకు అది ఖాళీగా లేదు.

మీ దర్జీ బుర్రకు ఇంకా తేలిగ్గా చెప్తాను. మీ కొట్లో మిషను నూనె మరక పడితే తుడుస్తారే ఒక మందు, ఘాటు వాసనేసేది? పెద్ద ఊళ్ళలో బట్టలు నీళ్ళు తగలకుండా ఉతికేవాళ్ళు వాడేది ఇదేనట. నూనె ఎక్కడుంటే అక్కడికి చేరి దాన్ని తనలో కలుపుకోవడం దీని గుణం. గుడ్డమీద మరక తీసే గుణమే కడుపులో మన కొంప ముంచింది. నా బిడ్డకు మరకల మందు తాగించారా అని మీరు లేచి నిలబడి ఉంటారు. కూర్చోండి. నేనూ డాక్టరమ్మ ముందు అలాగే లేచాను. కొలతలో ఇస్తే, కొవ్వు తగలకుండా ఇస్తే, ప్రమాదం లేదని చెప్పింది.

ఇక అసలు సంగతి. పురుగులు పోలేదు. మందు ఒంట్లోకి ఇంకిపోయింది కాబట్టి వాటికి అందాల్సింది అందలేదు. మళ్ళీ పరీక్ష చేస్తే అలాగే ఉన్నాయి. బిడ్డ నెత్తురు నీళ్ళలా ఉందని, గుండె దానికి అలిసిపోతోందని, ఇలాగే వదిలేస్తే మామూలు జ్వరం వచ్చినా తట్టుకోలేదని చెప్పింది. పసుపు పూర్తిగా పోయాక, పండగ వెళ్ళిన సోమవారం, ఆస్పత్రిలోనే పడుకోబెట్టి ముందురోజు నుంచి తిండి వాళ్ళే చూసుకుని మళ్ళీ ఇస్తారట. వాళ్ళ దగ్గర ఇంకో మందు లేదు. ఒకసారి ఇలా జరిగింది కాబట్టి తండ్రి ఒప్పుకుంటేనే ఇస్తానంది.

అందుకని అడుగుతున్నాను. సరే అని ఒక్క ముక్క రాయండి. కార్డు చాలు. మసీదు పెద్ద హుస్సేన్ సాహెబ్ గారు కూడా, పసిబిడ్డకు రోజా ఎవరు పెట్టమన్నారమ్మా, ముందు వైద్యం చేయించండి అని మసీదు దగ్గర అందరి ముందూ కోప్పడ్డారు. ఊరు కాస్త చల్లబడింది. నేనే చల్లబడలేదు. పోస్టుమాను గంట వినపడితే చేతిలో పని చేతిలోనే వదిలేసి గుమ్మంలోకి పోతున్నాను.

ఇట్లు,
జాన్‌బీ


మైపాడు,
3-3-1962

మస్తాన్‌బీ నాయన గారికి,

జాన్‌బీ సలాము. మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను. కోపం ఎంత బాగుందో మీ ఉత్తరమే చెప్పింది.

ఆ ఉత్తరం మీరు అత్తమ్మ పేరు మీద రాశారు. ఆమెకు అక్షరం రాదని, చదివేది నేనేనని మీకు తెలియదా? వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, కొంగు సర్దుకుని, చదువమ్మా, నా కొడుకు నాకు రాసినాడు అంది. ఎప్పుడో గానీ ఆమె పేరున ఉత్తరం రాదు కదా. సంబరపడింది. నేను చదవడం మొదలుపెట్టాను. కొంత చదివాక, రెండు వాక్యాలు దాటేసి కింద నుంచి అందుకున్నాను. ఆమె ఊరుకుంటుందా? మధ్యలో మింగినావే, అది గూడా చదువు, రాసినోడికి లేని సిగ్గు చదివేదానికి ఎందుకు అంది. చదివాను. ఏం చేయను? ఆమె చేతి ముద్ద ఇక మీ బిడ్డ నోట్లో పడకూడదని, ఆ ఇంట్లో ఆమె ఉన్నంతకాలం మళ్ళీ ఆ మందు ఇప్పించేది లేదని, మీరు పండక్కి రారని, వస్తే ఆమె మొహం చూడాల్సి వస్తుందని. అన్నీ చదివాను.

ఆమె ఏడవలేదు. గవ్వలన్నీ ఏరి డబ్బాలో పోసి, మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత జవాబు రాయమంది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మౌలా, తప్పు నాదేరా. దాని మీద కోపం బిడ్డ మీద పెట్టబాక. మందుకు ఒప్పుకో. పండక్కి రా. నన్ను చూడడం నీకు ఇష్టం లేకపోతే ఆ నాలుగు రోజులు కోవూరులో మా చెల్లెలింటికి పోతా. నువ్వు పొయినాకనే వస్తా. బిడ్డను ఆస్పత్రిలో పెట్టినప్పుడు గూడా నేను గడప తొక్కను. ఇంతకన్నా ఏం జెయ్యమంటావో నువ్వే రాయి. ఇదీ మీ అమ్మ చెప్పించింది.

నాకు మీమీద కోపం వచ్చింది. దాచుకోను. తల్లిని అనే మాటలేనా అవి? మీరు అక్కడ చొక్కాలు కుడుతూ ఊహించుకుని రాస్తున్నారు. ఇక్కడ ఆమె ఆ రోజు నుంచి బిడ్డకు గ్లాసెడు నీళ్ళివ్వడానికి కూడా నన్ను పిలుస్తోంది. జేజీ, తల దువ్వు అని అది దువ్వెన పట్టుకుని పోతే, మీ అమ్మను అడుగుపో అంటోంది. పసిదానికి ఏం తెలుస్తుంది? జేజికి నామీద కోపమా అని నన్ను అడుగుతోంది.

బిడ్డ సంగతి వినండి. పసుపు పోయింది. కానీ బావి దగ్గర నుంచి ఇంటికి వచ్చేలోపు రెండుచోట్ల కూర్చుంటోంది. గోళ్ళు తెల్లకాగితంలా ఉన్నాయి. నిన్న మళ్ళీ గోడ దగ్గర పట్టుకున్నాను, మూతి నిండా మట్టి. ఈసారి కొట్టడానికి చెయ్యి రాలేదు. సమాధానం బస్సు దగ్గర కనిపించి, అక్కా, అన్న ఏమన్నా రాసినాడా, డాక్టరమ్మ అడగతా ఉండాది అన్నాడు. ఇంకా లేదు నాయనా అని చెప్పాను. రాశారని, వద్దన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పండగ దగ్గర పడింది. ఊరంతా సేమ్యాలు ఆరేస్తున్నారు. నేను మాత్రం ఆ సోమవారం వైపే చూస్తున్నాను. అది దాటిపోతే డాక్టరమ్మ సెలవు మీద వెళ్తుందట, మళ్ళీ వానలకు గానీ కుదరదు. అంతదాకా ఈ బిడ్డ ఆగుతుందన్న ధైర్యం నాకు లేదు. మీరు ఒప్పుకోవాలి. నన్ను చూసి కాకపోయినా, ఆ తెల్లటి గోళ్ళను తలుచుకుని ఒప్పుకోవాలి.

మీ జవాబు కోసం చూస్తుండే,
జాన్‌బీ

తా.క. పై దాకా రాసిందంతా అత్తమ్మకు చదివి వినిపించాను. మీకు రాసిన ప్రతి ఉత్తరం ఇలాగే ఆమె ఎదుట రాసి, చదివి, ఆమె సరేనన్నాకే అంటించాను. ఇక్కడి నుంచి రాసేది పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. ఇది ఆమెకు తెలియదు.

అత్తమ్మ ఆ రోజు నెయ్యి పెట్టలేదు. అసలు ఆ వారం మనింట్లో నెయ్యే లేదు. మస్తాన్‌బీ రోజా విడిచింది మీరు హుస్సేన్ సాహెబ్ గారి అల్లుడి చేత పంపిన హల్వాతో. నా బంగారుతల్లి మొదటి రోజా దీనితోనే విడవాలని మీరే చెప్పి పంపారట. అది పొద్దున్నుంచి ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి కారుతుంటే నాకింది. మేము తలా ఒక ముక్క అడిగితే, నాయన నాకే పంపాడు అని ఇవ్వలేదు. ఆ వెనకనే గుళికలు మింగింది. హల్వా అందిందా అని మీరు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ జవాబు దాటేశాను.

డాక్టరమ్మ అడిగినప్పుడు నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ చెప్పేసింది. బయటికొచ్చాక నా చెయ్యి తీసి బిడ్డ తలమీద పెట్టించి ఒట్టు వేయించుకుంది. వాడు పంపిన తీపితో బిడ్డకు ఇట్టయిందని తెలిస్తే వాడు బతికినన్నాళ్ళు కుమిలిపోతాడు, నామీదైతే నాలుగు రోజులు తిట్టుకుని మర్చిపోతాడు అంది. మీరు అలాగే తిట్టారు. ఆమె అనుకున్నట్టే జరిగింది.

బిడ్డ తలమీద వేసిన ఒట్టు ఆ బిడ్డ కోసమే తప్పుతున్నాను. మీరు మందు వద్దన్నది మీ అమ్మ చెయ్యి నమ్మలేక. ఆ చేతిలో తప్పు లేదు. మీ చేతిలోనూ లేదు, కూతురికి తీపి పంపడం తప్పెలా అవుతుంది? మీరు కుమిలిపోతూ కూర్చోవడానికి ఇది రాయలేదు. రైలెక్కి రావడానికి రాశాను. వచ్చి, మందుకు సరేనని డాక్టరమ్మకు చెప్పండి. మీకు తెలిసిందని అత్తమ్మకు తెలియనివ్వకండి. ఆమె కోవూరు పోవడానికి మూట కట్టుకుంటోంది. ఆ మూట విప్పించండి. పండగనాడు ఆమె పక్కన కూర్చుని, బిడ్డకు మొదటి ముద్ద ఆమె చేత్తోనే పెట్టించండి.